మామిడికాయల కోత: తొందరపాటు వలని నష్టము
(రైతుల సమావేశమున చేయబడిన ప్రసంగము)



ఉగాది పచ్చడికి పుల్లని కాయ కోయుటతో తెలుగుదేశపు తోటలలో మామిడి పని మొదలగును. ఆ కాయకు ముదురుతనముతో నిమిత్తము లేదు. ఆవకాయకు టెంక కట్టిన పుల్లని కాయ కావలెను. పండునకు పక్వమునకు వచ్చిన కాయయే కావలెను. ఈ భేదము ఎఱుగని రైతు లేడు. అయినను వేసవి తొలిదినములలో అంగడి ధర హెచ్చుగా నుండుట చూచి, పండునకై నిలుపవలసిన కాయను లేతగానే దింపువారు పలువురు గలరు.

ఈ తొందరకు కారణములు లేకపోలేదు. ఒక్క గాలివాన జాములో సగము కాపును నేల రాల్చవచ్చును. బాకీ గడువు దగ్గఱపడిన రైతునకు వేచియుండుట కష్టము. తోటను గుత్తకు తీసికొన్నవానికి మఱుసటి యేటి చింత యుండదు. కావున ఈ భయమును తేలికగా చూడరాదు. అయితే లేత కాయ వలని నష్టమును గూడ లెక్క వేయవలెను. కోసిన పిదప కాయ పెరుగదు, తూకము హెచ్చదు. కాయలో చేరిన పిండిపదార్థమే మాగునప్పుడు చక్కెరగా మారును. ఆ పిండి చాలని కాయ ఎన్ని దినములు గడ్డిలో నుంచినను తోలు ముడతలుపడి, పులుపు విడువక, రుచిలేనిదగును. అట్టి సరకును ఒకసారి కొన్న వర్తకుడు రెండవసారి ఆ తోటవైపు చూడడు.

ముదిరిన కాయకు గుర్తులు ఇవి: తొడిమకు ఇరుప్రక్కల భుజములు నిండి, ముచ్చిక కొంచెము లోనికి పోయినట్లుండును. ముదురాకుపచ్చ రంగు కొంత తేలికపడును. కాయను కోసి చూచినచో టెంక గట్టిపడి, దాని చుట్టునున్న కండ తెలుపు విడిచి లేత పసుపు చాయకు తిరిగియుండును. నీటిలో వేసినచో ముదురు కాయ సాధారణముగా మునుగును, లేతది తేలును. చెట్టున ఒకటి రెండు పండ్లు తమంతట తామే పండి రాలుటయు మంచి గుర్తు.

ఒకే చెట్టు పూత ఒకే దినమున పూయదు. కావున కాయలన్నియు ఒకే దినమున ముదురవు. చెట్టునంతయు ఒక్కమాఱు దులుపక, ముదిరినవానిని ముందుగను, తక్కినవానిని వారము పది దినముల యెడముతో రెండు మూడు విడతలుగను కోయుట మేలు. ఇట్లు చేసినచో తొలి ధరయు కొంత దక్కును. గాలివాన వచ్చినను సర్వము పోదు. మిగిలిన కాయ బరువెక్కును. గాలి వచ్చు దిక్కున సరుగుడు వంటి చెట్లను వరుసగా పెంచినచో రాలుడు కొంత తగ్గును.

కోయునపుడు కొమ్మలను కుదుపరాదు. కాయను నేలపై పడనీయరాదు. దెబ్బ తగిలిన చోటు ఆ దినమున కనబడకున్నను, మాగునప్పుడు అక్కడనుండియే కుళ్లు పుట్టును. కొనకు కత్తియు చిక్కమును కట్టిన దోటితో, అర అంగుళమునకు మించకుండ తొడిమ నుంచి కోయవలెను. తొడిమ ఊడినచో సొన చిమ్మి తోలు నల్లబడును. కారిన సొన కాయపై పడకుండ, ముచ్చిక క్రిందికి వచ్చునట్లు నీడలో అమర్చి ఆఱనిచ్చి, పిదప శుభ్రమైన నీట కడుగవలెను. రాలిన కాయలను కోసినవానితో కలుపక వేఱుగా నమ్ముట న్యాయము.

మాగవేయుటకు గాలి తగులు గదిలో ఎండిన వరిగడ్డి చాలును. ఒకటి రెండు పండ్లను కాయల నడుమ నుంచినచో, వానినుండి వెలువడు ఎథిలీను వాయువు తక్కినవానిని త్వరపెట్టును. కార్బైడు రాతిని మాత్రము తాకరాదు. అందలి ఆర్సెనిక్కు, భాస్వరముల జాడలు ఆరోగ్యమునకు హానికరములు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దానితో మాగించిన పండ్ల అమ్మకమును నిషేధించినవి. పెద్దయెత్తున మాగించువారు పది లక్షల పాళ్లకు నూఱు పాళ్లు మించకుండ ఎథిలీను వాయువును వాడుటకు అనుమతి కలదు. అయినను లేత కాయకు ఏ వాయువును తీపి నీయజాలదు. రంగును మాత్రమే ఇచ్చును.

బంగినపల్లి సంస్థానము 1948 లో మద్రాసు రాష్ట్రమున కలిసిపోయెను. ఆ ఊరి పేరు మాత్రము మామిడిపండు వలన దేశమంతటను నిలిచియున్నది. 2017 లో ఆ పండునకు భౌగోళిక గుర్తింపు లభించెను. ఊరికి పేరు తెచ్చిన పండే తోటకును పేరు తెచ్చును. రైతు ఈ వేసవిని తొలి కోతకు ముందు ప్రతి చెట్టునుండియు ఒక్కొక్క కాయను కోసి టెంకను చూచునేని, ఆ కాయల వెల అతనికి కోత నాటికే తిరిగివచ్చును.