కర్తవ్యపథ్‌లో ముందు వరుస



ఇంజనీరుగా నా అనుభవాలు చెప్పమన్నారు. ముప్పై ఏండ్ల కాంక్రీటు ముచ్చట్లు మొదలుపెడితే భోజనాల వేళకు కూడా తెమలవు. అందుకని ఒక్క రోజు గురించి చెప్తాను. 2023 జనవరి 26న ఢిల్లీలో రిపబ్లిక్ డే పరేడ్‌ను కళ్లారా చూశాను.

మనకు పరేడ్ అంటే ఈ గ్రౌండే. సున్నంతో గీసిన గీతలు, డ్రిల్ సార్ విజిల్, చివర్లో చేతిలో పడే రెండు చాక్లెట్లు. ఢిల్లీ పరేడ్ అంటే టీవీలో చూసేది. ఆ ఏడు టికెట్లన్నీ ఆన్‌లైన్‌లో పెట్టడంతో అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి నాకూ, మా ఆవిడకూ బుక్ చేసింది. చీకటితోనే లేచి మెట్రో ఎక్కాం. పొగమంచు, చలి. మన సాగర్ ఎండలకు అలవాటైన ఒళ్లు, రెండు స్వెటర్లు వేసుకున్నా వణుకు తగ్గలేదు.

రాజ్‌పథ్ పేరు కర్తవ్యపథ్‌గా మారాక జరిగిన మొదటి పరేడ్ అది. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారికీ అదే మొదటిది. అప్పటిదాకా గౌరవ వందనానికి బ్రిటిష్ కాలం నాటి ఫిరంగులు పేల్చేవారు. ఆ రోజు మన దేశంలో తయారైన 105 ఎం.ఎం. ఫిరంగులు పేలాయి. ఆంధ్రప్రదేశ్ శకటం మీద కోనసీమ ప్రభలు కదిలి వస్తుంటే మా ఆవిడ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. విమానాలు మాత్రం మంచులో కనపడిన దానికన్నా వినపడిందే ఎక్కువ.

ముఖ్య అతిథి ఈజిప్టు అధ్యక్షుడు. వాళ్ల సైనిక దళం కూడా కవాతు చేసింది. పక్కవాళ్లకు పిరమిడ్లు గుర్తొచ్చి ఉంటాయి. నందికొండ వాణ్ని కదా, నాకు అస్వాన్ డ్యామ్ గుర్తొచ్చింది. మనం నాగార్జునకొండ కట్టడాలను మునగకుండా కొండ మీదికీ, అనుపుకూ తరలించుకున్న కాలానికి కొంచెం అటూ ఇటూగానే వాళ్లు అబూ సింబెల్ గుడులను ముక్కలుగా కోసి పైకి చేర్చుకున్నారు.

నేను అసలు చెప్పదలచుకున్నది వీటి గురించి కాదు. ఆ రోజు ముందు వరుసల్లో కూర్చోబెట్టింది సెంట్రల్ విస్టా పనుల్లో పాల్గొన్న కూలీలను, వాళ్ల కుటుంబాలను. వాళ్లతో పాటు రిక్షా తొక్కేవాళ్లనూ, కూరగాయలు అమ్ముకునేవాళ్లనూ పిలిచారు. కూలీలకు శ్రమయోగులని పేరు పెట్టారు. పేరు సంగతి అటుంచండి, ఆ కుర్చీలు వేసిన చోటు నాకు నచ్చింది. ఈ సంగతి చెప్తే మా ఆవిడ నా వైపు తిరిగి, "మీ నాయినను ఎప్పుడన్నా ఇట్ల పిలిచిండ్రా?" అని అడిగింది.

నాయిన పద్దెనిమిదేండ్ల వయసులో పాలమూరు పల్లె నుంచి ఇక్కడికి వచ్చాడు. అప్పటికి నెహ్రూ గారు శంకుస్థాపన చేసి, అంటే 1955 డిసెంబర్ 10 తర్వాత, మూడేండ్లు గడిచాయి. నాయిన రాళ్లు చెక్కేవాడు. అమ్మ తట్టలో మాలు మోసేది. డ్యామ్ కట్టడం అయ్యాక చాలామంది వేరే ప్రాజెక్టులకు వెళ్లిపోతే, నాయిన వర్క్‌చార్జ్‌డ్ ఉద్యోగంతో ఇక్కడే ఉండిపోయాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలిన రోజు దూరంగా గుట్ట మీద నిలబడి చూశాడట. ఏం కనపడ్డది నాయినా అంటే, "గొడుగులు కనపడ్డయి బిడ్డా" అనేవాడు.

ఇక్కడ కొంచెం ఇంజనీరుగా మాట్లాడనివ్వండి. ఆ రోజుల్లో విదేశీ యంత్రాలు కొనడానికి దేశం దగ్గర డాలర్లు లేవు. చేతులకు కొదవ లేదు. అందుకే రాతికట్టడం ఎంచుకున్నారు. 124 మీటర్ల ఎత్తున, 26 గేట్లతో నిలబడ్డ ఈ డ్యామ్‌లో ఒక మనిషి ఒక రాయిని సరిచూసి, మాలులో కూర్చోబెట్టి, సందుల్లో చిన్న రాళ్లు కుక్కి పక్కరాయికి పోయాడు. అట్లా లక్షల సార్లు. కర్రల సారువల మీద బరువులు నెత్తిన పెట్టుకుని బారులు కట్టి ఎక్కిన ఆడవాళ్ల ఫోటోలు మీరంతా చూసే ఉంటారు. కవాతు అంటే నాకు అదీ కవాతే. ఎడమ కాలువ మిర్యాలగూడ మీదుగా ఖమ్మం, కృష్ణా జిల్లాలకు, కుడి కాలువ గుంటూరు, ప్రకాశం జిల్లాలకు వెళ్లాయి. నాయిన పుట్టిన ఊరికి మాత్రం ఆ నీళ్లు రాలేదు. దాని గురించి ఆయన ఎన్నడూ కోపంగా మాట్లాడలేదు. నేను మాట్లాడతాను.

ఆ కోపం ఉన్నా, కర్తవ్యపథ్‌లో నా కళ్లు తడవడానికి కారణం కృతజ్ఞతే. పెద్ద ఇంజనీర్ల పిల్లలనూ, రాళ్లు కొట్టినవాళ్ల పిల్లలనూ ఇదే బడిలో ఒకే బెంచీ మీద కూర్చోబెట్టిన సార్లు గుర్తొచ్చారు. మా లెక్కల సార్ ఒకసారి మమ్మల్ని డ్యామ్ దగ్గరికి తీసుకెళ్లి, "అడుగున అంత వెడల్పు, పైన ఇంత సన్నం, ఎందుకు?" అని అడిగారు. లోతుకు పోయేకొద్దీ నీటి తోపు పెరుగుతుందని మాలో ఒకడు చెప్పిందాకా ఎండలో నుంచి కదలనివ్వలేదు. నేను ఇంజనీరునైంది అక్కడే. సార్ ఈ వేదిక మీదే ఉన్నారు.

నాయిన 2009లో పోయాడు. ఆ రోజు పనిచేసినవాళ్లలో ఇప్పుడు మిగిలినవాళ్లకు ఎనభై దాటాయి. హిల్ కాలనీ, పైలాన్ కాలనీలు తిరిగి పదకొండు పేర్లు రాసుకున్నాను. వాళ్లలో నలుగురు ఆడవాళ్లు. సంఘం పెద్దలను నేను కోరేది ఒక్కటే. వచ్చే జనవరి 26న ఈ గ్రౌండ్‌లో జెండా కింద మొదటి వరుస కుర్చీలు వాళ్లకు వేయించండి. పిల్లలు కవాతు చేస్తూ వాళ్ల ముందు నుంచి పోవాలి. నడవలేనివాళ్లను తీసుకురావడానికి రెండు ఆటోల ఖర్చు నాది. మీ వాడకట్టులో ఇంకెవరన్నా ఉంటే, భోజనాల దగ్గర నన్ను పట్టుకుని పేరు చెప్పండి. నోట్‌బుక్ జేబులోనే ఉంది.