సాఫ్ట్‌వేరు శిక్షణ: ఫీజు కట్టుటకు ముందు అడుగవలసిన నాలుగు ప్రశ్నలు

(హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగపాఠము)



ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ఈ మూడును బెంగుళూరునకు పోవు ఒకే రైలు మార్గముపై నున్నవి. మన గ్రామములలో చదువుకొన్న యువతీయువకులు పెట్టె సర్దుకొని ఆ రైలెక్కుచున్నారు. కొందరు ఉద్యోగమునకు, మరికొందరు సాఫ్ట్‌వేరు శిక్షణకు పోవుచున్నారు. ఆ శిక్షణకు కట్టు సొమ్ము ఎక్కడిది? వేరుసెనగ అమ్మిన పైకము, పట్టుగూళ్ళ పైకము, ఒక్కొక్కప్పుడు తల్లి మెడలోని గొలుసు. కావున ఇది పట్టణవాసుల విషయమని మనము ఊరకుండరాదు.

సాఫ్ట్‌వేరు అనగా నేమి? ధర్మవరము నేతగాండ్రకు దీనిని వేరుగా బోధింప నక్కరలేదు. మగ్గముపై నున్న జకార్డునకు అట్టలు తగిలింతురు. అట్టలో రంధ్రమున్నచోట పడుగు పోగు లేచును, లేనిచోట లేవదు. అంచున హంస రావలెనన్నను, మామిడిపిందె రావలెనన్నను అట్టలు మార్చిన చాలును, మగ్గమును మార్చ నక్కరలేదు. ఫ్రాన్సు దేశపు లియాన్ నగరవాసియగు జాకార్డు 1804లో ఈ సాధనమును రూపొందించెను. 1830ల దశకములో ఇంగ్లండునందు చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఈ అట్టల పద్ధతినే గ్రహించెను. నేటి కంప్యూటరునకు అట్టలకు బదులు వ్రాతలో నున్న ఆజ్ఞలు గలవు. ఆ ఆజ్ఞలను తప్పులేకుండ కూర్చువారే సాఫ్ట్‌వేరు డెవలపర్లు. పెనుకొండ చెంత యర్రమంచిలో 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారమునందు యంత్రహస్తములు కదలుటయు ఇట్టి ఆజ్ఞలవలననే.

నేతగాడు తన పనితనమునకు సాక్ష్యముగా తాను నేసిన చీరను చూపును. సాఫ్ట్‌వేరు పనితనము అంత తేలికగా కంటికి కనబడదు. అందువలన ధ్రువపత్రముల అవసరము కలిగినది. అయితే ధ్రువపత్రము విలువ దానిపై నున్న ముద్రలో లేదు. దాని వెనుక జరిగిన పరీక్షలో నున్నది.

మేము గ్రామములకు పోయినపుడు తల్లిదండ్రులు తరచుగా "అయ్యా, ఈ కోర్సుకు ఫీజు కట్టవచ్చునా?" అని అడుగుచుందురు. దీనికి ఒక్కమాటలో సమాధానము చెప్ప వీలులేదు. కాని నాలుగు ప్రశ్నలు వేసినచో సమాధానము దానంతట అదే తేలును.

మొదటి ప్రశ్న: పరీక్ష జరుపువారెవరు? బోధించిన సంస్థయే పత్రము కూడ ఇచ్చినచో, అది తరగతులకు హాజరైనట్లు తెలుపు కాగితము మాత్రమే. కేంద్ర ప్రభుత్వపు నైలిట్ సంస్థ జరుపు 'ఓ' లెవెలు, 'ఏ' లెవెలు పరీక్షలు, ఐ.టి.ఐ.లలో ఒక సంవత్సరపు 'కోపా' కోర్సునకు జరుగు జాతీయ పరీక్ష, ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ వంటి కంపెనీల పరీక్షలు అట్టివి కావు. వీనిలో పాఠము చెప్పిన కేంద్రమునకు పత్రమిచ్చు అధికారము లేదు.

రెండవ ప్రశ్న: ఆ పరీక్ష నేడు అమలులో నున్నదా? 'మైక్రోసాఫ్ట్ సర్టిఫైడ్ సొల్యూషన్స్ డెవలపర్' అను పత్రము ఒకప్పుడు మిక్కిలి పేరు పొందినది. దాని పరీక్షలు 2021 జనవరి 31తో నిలిచిపోయినవి. నేడు ఆ పత్రమిప్పింతుమని ఎవరైన ఫీజు అడిగినచో, మూసిన అంగడికి సంచి పట్టుకొని పొమ్మన్నట్లే. కావున పరీక్ష పేరును బోర్డు మీద చూచి నమ్మక, పరీక్ష జరుపు సంస్థ వారి వెబ్‌సైటులోనే చూడవలెను.

మూడవ ప్రశ్న: కట్టు సొమ్ములో శిక్షణకెంత, పరీక్షకెంత? పరీక్ష తప్పినచో మరల ఫీజు ఎవరు కట్టవలెను? మధ్యలో మానినచో సొమ్ము తిరిగి వచ్చునా? ఈ షరతులన్నియు వ్రాతపూర్వకముగా నుండవలెను. రశీదు తప్పక పుచ్చుకొనవలెను.

నాలుగవ ప్రశ్న: శిక్షణ ముగియునాటికి విద్యార్థి తన చేతులతో ఏమి తయారు చేయగలడు? ఉద్యోగము ఖాయమను మాటను నమ్మరాదు. ఏ ధ్రువపత్రమును ఏ కంపెనీని ఉద్యోగమిమ్మని నిర్బంధింపజాలదు. అంతకుముందు అచ్చట చదివినవారిని కలిసికొని, వారు నేర్చినదేమో, చేయుచున్నదేమో విచారింపవలెను.

అప్పు చేయుటకు ముందు పరీక్షించుకొను మార్గము కూడ ఒకటి గలదు. కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన 'స్వయం' వేదికపై ఐ.ఐ.టి. ఆచార్యుల 'ఎన్.పి.టి.ఇ.ఎల్.' పాఠములు ఉచితముగా లభించుచున్నవి. 4, 8, 12 వారముల పాఠక్రమములు గలవు. పాఠములు ఆంగ్లములో నున్నను, కొన్నింటికి తెలుగు అనువాదములు కూడ లభించును. ధ్రువపత్రము కోరువారు మాత్రమే ఫీజు కట్టి, పరీక్షా కేంద్రమునకు పోయి పరీక్ష వ్రాయవలెను. అట్టి ఒక పాఠక్రమమును బిడ్డ ఓపికతో పూర్తిచేసినచో, ఈ విద్యయందు అభిరుచి గలదో లేదో ఇంటివద్దనే తెలియును. అటుపిమ్మట పెద్ద ఫీజు సంగతి ఆలోచింపవచ్చును.

ఇందు పంచాయతీకి పని యేమి అని మీరు అడుగవచ్చును. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. వానిలో పదునెనిమిదవది సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య; ఇరువదియవది గ్రంథాలయములు. కావున ఇది మీ పరిధిలోని విషయమే.

మీరు చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఈ నాలుగు ప్రశ్నలను గ్రామసభలో చదివి వినిపింపుడు. సంక్రాంతికి, ఉగాదికి ఇంటికి వచ్చు మన ఊరి సాఫ్ట్‌వేరు ఉద్యోగులచేత పిల్లలకు ఒక పూట మాటలాడింపుడు. గ్రంథాలయములోనో, పాఠశాలలోనో సాయంకాలము దీపము, కంప్యూటరు, ఇంటర్నెట్టు గల ఒక గదిని ఏర్పాటు చేసి, దానిని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్పుడు. కూతురిని బెంగుళూరునకు పంప వెనుకాడు తల్లిదండ్రులు పెక్కురు గలరు. అట్టి బాలికలకు ఆ ఒక్క గదియే విద్యాలయము కాగలదు.

హిందూపురము పట్టుగూళ్ళ మార్కెట్టులో కొనువాడు గూటిని చేతిలోనికి తీసికొని చూడనిదే వేలము పాడడు. బిడ్డ చదువునకు సొమ్ము కట్టు తండ్రియు అట్లే చూచి కట్టవలెను. ఎట్లు చూడవలెనో చెప్పువారు ఊరిలో ఒకరుండవలెను. ఆ ఒకరు మీరు కావలెనని మా ప్రార్థన.