ముందు బాట, తర్వాత పిట్ట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో ఏం చేశావో పిల్లలకు పనికొచ్చేలా పది నిమిషాలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఉద్యోగం సంగతి చెప్తే మీకు నిద్రొస్తుంది. అందుకని, ఎమ్మెస్ చదివేటప్పుడు 2022 వేసవిలో చేసిన ఇంటర్న్‌షిప్ గురించి చెప్తాను. వికలాంగులు పార్కులకొచ్చి పిట్టల్ని చూడాలంటే దారిలో ఏముందో, ఏం లేదో కొలిచి రాయడం నా పని. ఫోన్లో చెప్తే మా నాయన, "దీనికి కూడా జీతమిస్తారా?" అన్నాడు. ఇచ్చారు.

అయితే ఆ కథ ఇక్కడ, మన బడి గేటు దగ్గరే మొదలైంది. మేం తొమ్మిదో తరగతిలో ఉండగా జనవరిలో నేలపట్టుకు ఎక్స్‌కర్షన్ వెళ్ళాం. మా క్లాసులో ఒక అమ్మాయి క్యాలిపర్లు వేసుకుని, చంకలో కర్రతో నడిచేది. ఆమెను అడిగే ఇది చెప్తున్నాను, పేరు మాత్రం వద్దంది. బస్సు ఆగగానే మేమంతా బిలబిలమంటూ దిగాం. "నువ్వు మా క్యారియర్లు చూస్తుండవే" అని నేనే ఆమెతో అన్నాను. రెండు గంటలు నీళ్ళలో నిలిచిన చెట్ల మీద గూడబాతుల్ని చూసి, కేకలేసి, తిరిగొచ్చాం. క్యారియర్లు భద్రంగా ఉన్నాయి. మాలో ఎవ్వరికీ తప్పు చేశామని తోచలేదు. నేనైతే ఆమెకు మంచి పని అప్పజెప్పాననే అనుకున్నాను.

పదకొండేళ్ళ తర్వాత టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఆ బస్సు గుర్తొచ్చింది. ఆ ఊళ్ళో వర్జీనియా రోజ్ గారని ఒక ఇంగ్లీషు టీచరు ఉన్నారు. పద్నాలుగో ఏట గుర్రం మీది నుంచి పడి, అప్పటి నుంచీ వీల్‌చెయిర్‌లోనే ఉన్నారు. పిట్టల్ని చూడటం ఆమెకు ప్రాణం. తనలాంటి వాళ్ళు ఈ సరదాకు ఎందుకు దూరంగా ఉండాలని 'బర్డబిలిటీ' అనే సంస్థను మొదలుపెట్టారు. ఆ సంస్థ, నేషనల్ ఆడుబన్ సొసైటీ కలిసి ఒక మ్యాపు తయారుచేశాయి. ఎవరైనా తమ ఊరి పార్కుకు వెళ్ళి, అక్కడి వసతులు చూసి, ఆ మ్యాపులో చేర్చవచ్చు. మా ఇంటర్న్‌షిప్ పనికి ఆ పద్ధతే ఆధారం.

నా సంచిలో బైనాక్యులర్స్ కంటే ముందు రెండు వస్తువులు ఉండేవి: ఒక టేపు, ఒక రసమట్టం. మన మేస్త్రీలు గోడకు పెట్టి చూసుకునే రసమట్టమే. వికలాంగులకు కారు నిలిపే చోటు 8 అడుగుల వెడల్పు ఉందా? వీల్‌చెయిర్ దించుకోవడానికి దాని పక్కన మరో 5 అడుగులు ఖాళీ వదిలారా? బాట ఎక్కడైనా 36 అంగుళాల కంటే ఇరుకైందా? 20 అడుగుల పొడవుకు ఒక అడుగు కంటే ఎక్కువ ఎత్తు పెరిగితే దాన్ని ర్యాంపు కింద లెక్కేస్తారు. ఆ ర్యాంపు వాలు 12 అడుగులకు ఒక అడుగు మించకూడదు. ఇవన్నీ కొలుస్తుంటే సివిల్ ఇంజినీరింగు చదువు మొదటిసారి ఒక మనిషి కోసం పనికొచ్చినట్టనిపించింది.

కొన్ని సంగతులు పుస్తకంలో చదివితే తెలియవు. చెరువు ఒడ్డున అందమైన చెక్క మంటపం ఉంటుంది. నిలబడితే అంతా కనిపిస్తుంది. కుర్చీలో కూర్చుని చూస్తే కళ్ళకు ఎదురుగా రెయిలింగు పైకమ్మీ. 32 నుంచి 51 అంగుళాల ఎత్తు మధ్య చూపుకు అడ్డు ఉండకూడదని అక్కడి ప్రమాణాలు చెప్తాయి. నేను ప్రతి మంటపం దగ్గరా మడత కుర్చీ వేసుకుని కూర్చుని చూడటం అలవాటు చేసుకున్నాను.

చూపు లేని ఒక పెద్దావిడ మాతో రెండు సార్లు వచ్చారు. నేను ఆకుల మధ్య వెతుకుతుండగానే, "కుడివైపు కార్డినల్. దాని వెనక రెన్" అని చెప్పేసేవారు. ఆవిడకు కావలసింది రోడ్డు రొద వినిపించని చోటు. అప్పటి నుంచి నా ఫారంలో 'మోత ఎంత?' అన్న గడి కూడా చేరింది. వినికిడి తక్కువున్న మరొకాయన మెర్లిన్ అనే యాప్ వాడేవారు. ఫోను చుట్టుపక్కల కూతలు విని, ఏ పిట్టలు కూస్తున్నాయో తెర మీద చూపిస్తుంది. ఒకరికి చెవి, ఒకరికి తెర. ఒకరికి పది అడుగులకో బెంచీ, దాని మీద కాస్త నీడ.

ఇప్పుడు నా పొరపాటు చెప్తాను. జూన్‌లో ఒక బాటకు 'వీల్‌చెయిర్‌కు వీలు ఉంది' అని రాసిచ్చాను. తర్వాతి వారం వీల్‌చెయిర్‌లో ఒకాయన వచ్చారు. చెక్కవంతెన మొదట్లో నేలకూ పలకకూ మధ్య రెండంగుళాల గట్టు. ముందు చక్రాలు ఆగిపోయాయి. నేను గబగబా వెళ్ళి వెనక నుంచి నెట్టబోయాను. "ఆగు. ముట్టుకునే ముందు అడగాలి" అన్నారాయన. తర్వాత నెమ్మదిగా చెప్పారు: "నువ్వు రాసింది నమ్మి ఇంత దూరం కారు నడుపుకుంటూ వచ్చాను. వీలుందో లేదో నువ్వు తేల్చకు. రెండంగుళాల గట్టుందని రాయి. దాటగలనో లేదో నేను తేల్చుకుంటాను."

ఆ వేసవిలో నేను నేర్చుకున్నది అంతే. జాలిపడి మనమే నిర్ణయించేయడం కాదు, నిజం కొలిచి చెప్పి నిర్ణయం వాళ్ళకు వదలడం. ఆ రాత్రి కూర్చుని అప్పటిదాకా రాసిన ఫారాలన్నీ మళ్ళీ రాశాను. 'ఉంది', 'లేదు' అన్న మాటలు తీసేసి అంగుళాలు, అడుగులు, గులకరాయి, సిమెంటు అని రాశాను.

జులైలో ఆస్టిన్‌లో ఒక విచిత్రం జరుగుతుంది. పర్పుల్ మార్టిన్లని, మన వానకోయిలకు పెద్దక్క లాంటి పిట్టలు. దక్షిణ అమెరికాకు బయల్దేరే ముందు వేలకు వేలు ఒకచోట చేరతాయి. ఎక్కడనుకున్నారు? దుకాణాల ముందు, కార్లు నిలిపే చోట ఉన్న చెట్ల మీద! చదునైన సిమెంటు నేల. ఆ సాయంత్రం వీల్‌చెయిర్లు, వాకర్లు, చంటిపిల్లల బండ్లు అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఆకాశం నల్లబడేలా పిట్టలు దిగుతుంటే అందరి తలలూ పైకే. ఎవరికీ ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

ఇంటికొచ్చి మా స్నేహితురాలికి ఫోన్ చేశాను. నేలపట్టు బస్సు గుర్తుందా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "అంత దూరం నడవలేనని నాకు తెలుసే. నాకు కష్టమనిపించింది అది కాదు. వస్తావా అని ఒక్కరూ అడగలేదు."

మరుసటి జనవరిలో వచ్చినప్పుడు ముందు అడిగాను. "వస్తాను, కానీ దిగను" అంది. సరేనని సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డెక్కాం. ఆ రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. కారు ఒక వారగా ఆపి అద్దం దించాం. ఫ్లెమింగోలు తలలు నీళ్ళలో ముంచి మేస్తున్నాయి. నేలపట్టులో గూళ్ళు పెట్టే గూడబాతులు మేతకు వచ్చేది కూడా పులికాట్‌కే. ఒకటి మా కారు మీదుగా పోయింది. బైనాక్యులర్స్ ఆమె దగ్గరే ఉన్నాయి. నేను అడిగినా ఇవ్వలేదు. పన్నెండేళ్ళ బాకీ కదా, ఊరుకున్నాను.

ఇక మన బడి సంగతి. ఈ పొద్దున్నే టేపు తీసుకుని వచ్చాను. కొత్త బ్లాకు అరుగు ఎత్తు ఒకటిన్నర అడుగు. దాని ర్యాంపు పొడవు 9 అడుగులు. ఉండాల్సింది 18. ర్యాంపు లేదని ఎవరూ అనలేరు, కానీ దాని మీద ఒంటరిగా ఎవరూ ఎక్కలేరు. స్వర్ణోత్సవం గుర్తుగా ఏదైనా కట్టాలని సంఘం అనుకుంటే, ఆర్చీ కంటే ముందు ఆ 9 అడుగులు కట్టమని నా మనవి. మా బ్యాచి తరఫున మా వంతు ఇస్తాం.

ఉపాధ్యాయులకు ఒక చిన్న కోరిక. ఎక్స్‌కర్షన్‌కు డబ్బులు కట్టించుకునే కాగితం మీద ఒక వరస చేర్చండి: 'నీకు ఏం కావాలి?' అని. జవాబు ఏమొచ్చినా, అడిగారన్నది ఆ పిల్లకు జీవితాంతం గుర్తుంటుంది. అడగలేదన్నదీ అంతే గుర్తుంటుంది.

మా స్నేహితురాలు ఈ సభలోనే ఉంది. ఎక్కడ కూర్చుంటావని వచ్చేటప్పుడు అడిగాను. ఫ్యాను కింద అంది.