మొటిమలు మిగిల్చే గుంటలు - వాటికి వైద్యం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్ములను కోరారు. గుండె జబ్బు, చక్కెర వ్యాధి వుండగా ఈ మొటిమల గొడవ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మా దగ్గరకు వచ్చిన ఒక తల్లీ కూతుళ్ళ సంగతి చెబితే, ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆ అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నది. కూర్చున్నంత సేపూ చెంప మీది చెయ్యి తీయలేదు. తల్లి అన్నది: "డాక్టర్ సాబ్, ఈ గుంటలు పూడిపోయే క్రీము ఏదైనా రాయండి. వచ్చే నెల సంబంధం వాళ్ళు చూడటానికి వస్తున్నారు." ఇంతవరకు ఏమేమి వాడారని అడిగాము. సంచి విప్పి ఏడు ట్యూబులు బల్ల మీద పెట్టింది. అందులో మూడు స్టిరాయిడు కలిసినవి. గుంటలు పూడ్చే క్రీము లేదనీ, నెల రోజుల్లో అయ్యే పని కాదనీ మేము చెప్పవలసి వచ్చింది. తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. "అయితే దారే లేదా?" అని అమ్మాయి అడిగింది. దారి వుంది. ఆ దారేమిటో చెప్పటమే ఈనాటి మా ప్రసంగం.

ముందుగా మచ్చ వేరు, గుంట వేరు అని గుర్తుంచుకోవాలి. మొటిమ తగ్గిన చోట చర్మం చదునుగా వుండి రంగు మాత్రం నల్లబడితే అది మచ్చ. ఎండ తగలకుండా చూసుకుంటే నెలల మీద అదే చాలావరకు పలచబడుతుంది. గుంట అట్లా కాదు. మొటిమ లోతుగా వాచి చీము పట్టినప్పుడు చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ అనే పదార్థం దెబ్బతింటుంది. మానేటప్పుడు అది చాలినంత తయారు కాకపోతే పైచర్మం లోపలికి దిగిపోతుంది. కూలిన గోడకు పైపైన సున్నం వేసినట్లే, గుంటకు పైపూత మందు వేయటం కూడాను.

ఈ గుంటలను 2001లో అమెరికా వైద్యులు మూడు రకాలుగా విభజించారు. నేటికీ ఆ విభజననే ఎక్కువగా వాడుతున్నాము. మొదటిది ఐస్‌పిక్: సూదితో పొడిచినట్లు సన్నగా, లోతుగా వుంటుంది. రెండవది బాక్స్‌కార్: అంచులు నిట్టనిలువుగా, అడుగు వెడల్పుగా వుంటుంది. మూడవది రోలింగ్: అలల్లాగా ఎగుడు దిగుడుగా వుంటుంది. చర్మం కింద నారపోగులు లాగి పట్టుకోవటం వల్ల ఇది ఏర్పడుతుంది. కిటికీ పక్కన నిలబడి, వెలుతురు పక్క నుంచి పడేటట్లు అద్దంలో చూసుకోండి. చర్మాన్ని వేళ్ళతో మెల్లగా సాగదీస్తే రోలింగ్ గుంట చాలావరకు కనిపించదు, ఐస్‌పిక్ గుంట అట్లాగే వుంటుంది. ఒకే ముఖం మీద మూడు రకాలూ వుండటం మామూలే. అందుకే పక్కింటి వారికి పనిచేసిన వైద్యం మనకూ పనిచేస్తుందని అనుకోకూడదు.

ఇక వైద్యం సంగతి. నిప్పు ఆరకముందే ఇల్లు కట్టటం మొదలుపెట్టం గదా! కొత్త మొటిమలు వస్తున్నంత కాలం కొత్త గుంటలు పడుతూనే వుంటాయి. కాబట్టి ముందు మొటిమలు అదుపులోకి రావాలి. అడపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ వంటి పూతమందులతో చాలామందికి గుణమిస్తుంది. తీవ్రంగా వుంటే ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఇస్తాము. అయితే తల్లులు ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ మాత్రలు వాడుతున్నప్పుడూ, ఆపిన తరువాత నెల రోజుల దాకానూ గర్భం రాకూడదు. వస్తే బిడ్డ తీవ్రమైన అవయవ లోపాలతో పుట్టే ప్రమాదం వుంది. పెళ్ళి కుదిరిన అమ్మాయి అయితే ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

గుంటల వైద్యం రకాన్ని బట్టి వుంటుంది. ఐస్‌పిక్ గుంటలకు టి.సి.ఏ. క్రాస్ అనే పద్ధతి వుంది. 2002లో కొరియా వైద్యులు దీనిని ప్రకటించారు. ఘాటైన ఆసిడ్‌ను పుల్ల మొనతో గుంట అడుగున మాత్రమే తాకిస్తాము. అక్కడ తెల్లబడి, పక్కు కట్టి, కొద్ది రోజుల్లో రాలిపోతుంది. లోపల కొత్త కొల్లాజెన్ పుట్టి గుంట కొంత పైకి వస్తుంది. నెలకొకసారి చొప్పున కొన్నిసార్లు చేయవలసి వుంటుంది. ఇది ఇంట్లో చేసుకునే పని ఎంతమాత్రం కాదు. చర్మం కాలి కొత్త మచ్చ పడుతుంది.

రోలింగ్ గుంటలకు సబ్‌సిషన్ మంచిది. మత్తు సూది ఇచ్చి, చర్మం కింద సూది పోనిచ్చి, లాగి పట్టుకున్న నారపోగులను తెంపుతాము. వారం పది రోజులు కమిలి వుంటుంది. లోతైన బాక్స్‌కార్ గుంటలను చిన్న గుండ్రటి పరికరంతో కోసి కుట్టవచ్చు, లేదా పైకెత్తవచ్చు. లోతు తక్కువగా వున్న వాటికి మైక్రోనీడ్లింగ్, అంటే సన్నటి సూదులతో చేసే వైద్యం, లేదా ఫ్రాక్షనల్ లేజర్ ఉపయోగపడతాయి. ఒక్కసారితో సరిపోదు, వారాల ఎడంతో పలుమార్లు చేయాలి. ఫిల్లర్ అనే ఇంజక్షను గుంటను వెంటనే నింపుతుంది గానీ, మామూలుగా వాడే రకం కొన్ని నెలలకో, ఏడాదికో కరిగిపోతుంది.

మనది గోధుమ, చామనచాయ చర్మం. లేజర్ వేడి ఎక్కువైతే నల్లమచ్చలు పడతాయి. తెల్లవారికి పెట్టే కొలత మనకు పెట్టరాదు. ఏ వైద్యం చేసినా ముందూ వెనుకా ఎండ నుంచి కాపాడుకోవాలి. ముఖం తెల్లబడాలని స్టిరాయిడు పూతలు వాడటం ఇంకో పెద్ద ప్రమాదం. మొదట నునుపు చేసి, ఆ తరువాత చర్మాన్ని పలచబరిచి, మళ్ళీ మొటిమలు లేపుతాయి. వీటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన బిగించింది. అయినా స్నేహితురాలు చెప్పిందనీ, షాపతను ఇచ్చాడనీ వాడేవారు ఎందరో!

డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి: నాది ఏ రకం గుంట? ఎన్నిసార్లు చేయాలి? ఎంత మేరకు తగ్గుతుంది? "నూటికి నూరు పాళ్ళు పోతాయి" అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. గుంటలు పలచబడతాయి, పూర్తిగా మాయం కావు. కొత్త కొల్లాజెన్ కుదురుకోవటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఖర్చుకు వెనకాడేవారు ప్రభుత్వ బోధనాసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగంలో ముందుగా చూపించుకుంటే సరైన సలహా దొరుకుతుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. మొటిమలు అదుపు కావటానికే ఎనిమిది నెలలు పట్టింది. తరువాత రెండుసార్లు సబ్‌సిషన్, నాలుగుసార్లు మైక్రోనీడ్లింగ్ చేశాము. గుంటలు సగానికి పైగా పలచబడ్డాయి, దగ్గరగా చూస్తే ఇంకా కనిపిస్తాయి. ఆ సంబంధం కుదరలేదు. చదువు పూర్తిచేసి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నది. ఆఖరిసారి వచ్చినప్పుడు చెంప మీద చెయ్యి లేదు.

మన దేశంలో 1975లో ఆగిపోయిన మశూచి ఎందరి ముఖాల మీదనో ఇంతకన్నా లోతైన గుంటలు మిగిల్చింది. వాళ్ళూ కాపురాలు చేశారు, పిల్లల్ని పెంచారు. సంబంధం చూడటానికి వెళ్ళినప్పుడు ఆ మాట మరువకండి. ఇంట్లో పిల్లవాడికి గానీ, పిల్లకు గానీ మొటిమలు లోతుగా వాస్తుంటే వయసు గదా, అవే పోతాయని వూరుకోకండి. గుంట పడ్డ తరువాత పూడ్చటం కంటే, పడకుండా ఆపటం సులభం, చౌక కూడాను.