అడిగి చేసిన సాయము



దేశాంతరములనుండి దీనజనోద్ధరణార్థము వచ్చు ధనమును గూర్చి, అది స్త్రీలకును దుర్బలులకును చేరు తీరును గూర్చి నేడు పట్టములందుకొనుచున్న మీతో ముచ్చటింపవలెనని నాకు తోచినది. ఏలయన, ఈ పల్నాటి సీమ అట్టి సాయమును మన తాతముత్తాతల కాలముననే ఎఱిగియున్నది. 1833లో గుంటూరు మండలమును దహించిన కఱవున, అయిదు లక్షల జనములో లక్షన్నరమంది గతించిరని అంచనా. ఆ విపత్తునకు తొమ్మిదేండ్ల తరువాత గుంటూరు చేరిన అమెరికా లూథరన్ బోధకుడు హేయరుగారు, నడుమ స్వదేశమునకేగి, ఏబదియేండ్లు దాటిన వయసున బాల్టిమోరులో వైద్యవిద్యనభ్యసించి, మరల వచ్చి, 1849లో ఈ పల్నాటి గురజాలలో కాపురము పెట్టిరి. వారు వచ్చినది మతబోధకొఱకే; దానిని మఱుగుపఱచుట చరిత్రకు న్యాయము గాదు. అయినను, బోధింప వచ్చినవారు చికిత్స నేర్చి వచ్చిరనుటలోనే నేను చెప్పదలచిన మాట కొంత యిమిడియున్నది.

తక్కినది అమెరికా లూథరన్ వైద్యురాలు డాక్టరు అన్నా కుగ్లర్ కథలో కలదు. 1883లో ఆమె గుంటూరు వచ్చునాటికి, ఆమెను పంపిన లూథరన్ సంఘమువారు వైద్యసేవకు సమ్మతింపలేదు. బడులలోను, ఘోషా యిండ్లలోను స్త్రీలకు చదువు చెప్పుటయే ఆమెకు నియమింపబడిన పని. కాని పురుష వైద్యునకు నాడి చూపనొల్లని యిల్లాండ్రు, పురిటి మంచమున ప్రాణములు బిగబట్టుకొన్న తల్లులు కబురంపినప్పుడు, సంఘపు తీర్మానమును చూపి వెనుకకు మరలుట వైద్యురాలికి సాధ్యమా? ఆమె మందులిచ్చుచునే యుండెను. 1885లో సంఘమే దిగివచ్చి ఆమెను వైద్యురాలిగా నియమించెను. అమెరికాలోని లూథరన్ స్త్రీలు కూడబెట్టిన విరాళములతో 1898లో ఆసుపత్రి తెఱవబడెను. తరువాత ఏలూరు జమీందారు రాజా భుజంగరావుగారు, తమ రాణిగారికి అచట జరిగిన చికిత్సకు కృతజ్ఞులై, రోగుల బంధువులకొఱకు సత్రము కట్టించిరి.

పల్నాటి వీరగాథలలోని బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని చెప్పుకొను నేల యిది. ఆ విందులో నాకు గొప్పగా తోచునది అన్నము గాదు. పెట్టువాడును తినువాడును ఒకే యెత్తున కూర్చుండుట.

ఇక నేటి సాయము మాట. సంపన్న దేశములు తమ జాతీయాదాయమున నూటికి 0.7 వంతు సాయముగా నీయవలెనని ఐక్యరాజ్యసమితి 1970లో తీర్మానించెను. పెక్కు దేశములు నేటికిని ఆ మేర చేరలేదు. ఇచ్చునది కొంచెమైనపుడు, అది ఎవరినడిగి వెచ్చింపబడుచున్నదను ప్రశ్న మఱింత పదునెక్కును. కుట్టుమిషనులు పంచి ఛాయాచిత్రములు తీయించుకొనుట సులభము. కౌలుసేద్యమున అప్పులపాలై భర్త గతించిన యిల్లాలికి కావలసినది కౌలు గుర్తింపు పత్రమో, బాకీపై కొంత గడువో కావచ్చును; నల్లమల అంచునగల చెంచుగూడెమున గర్భిణికి కావలసినది రాత్రివేళ వచ్చు బండి కావచ్చును. ‘కావచ్చును’ అనియే యనుచున్నాను. వారినడుగక నిశ్చయించు అధికారము నాకు లేదు.

మీలో కొందఱు జెనీవాలోనో న్యూయార్కులోనో నిధులు పంచు కార్యాలయములందు కూర్చుందురు. పెక్కుమంది నరసరావుపేటలోను, మాచర్లలోను బ్యాంకులందు, ఆసుపత్రులందు, మండల కార్యాలయములందు కూర్చుందురు. బల్లకు ఆవల నిలుచున్న స్త్రీకి మొదట కుర్చీ చూపుడు. ఆమె చెప్పునది మీ దరఖాస్తులోని గడులలో ఇమడనిచో, గడిని మార్పుడని పైవారికి వ్రాయుడు. వారు వెంటనే యొప్పుకొనరు. కుగ్లర్‌గారి సంఘమునకు రెండేండ్లు పట్టెను.