పడవ రివెట్టులు



ఒక శ్రావణమాసమున నేను చదువు చెప్పు పిల్లలెక్కిన అల్యూమినియపు పడవ, నడియేట చీలమండలు మునుగునంత నీరుపట్టి, ఎట్లో యొడ్డు చేరినది. చూడగా వదలిన రివెట్టులు మూడే. వానిపై నెవరో తారు పూసి దాచియుండిరి.

అల్యూమినియము ఇనుములో మూడవవంతు బరువే గలది. నీటికి తేలికగా చెడదు. అయినను రేకులను కలిపి పట్టునవి రివెట్టులు. అలల తాకిడికిని, రేవురాళ్ల రాపిడికిని అవి సడలును.

కారుచోటు నెఱుగుటకు పడవను గట్టున దుంగలపై నిలిపి, లోపల జానెడు లోతు మించకుండ నీరు పోయవలెను. నీరు మిక్కుటమైనచో ఆ బరువునకు రేకు వంగును. వెలుపల చెమ్మగిలిన ప్రతి రివెట్టును సుద్దతో గుర్తింపవలెను. పిదప నీరు తీసి, ఆరనిచ్చి, వెలుపలి తలకు ఒకరు బరువైన ఇనుపదిమ్మ నానించి పట్టగా, మఱియొకరు లోపలి కొనను సుత్తితో మెల్లగా కొట్టి బిగింపవలెను. రంధ్రము పెద్దదైనచో పాతదానిని తొలిచివేసి, కొంచెము లావైన అల్యూమినియపు రివెట్టునకు నీట నిలుచు జిగురు పూసి దిగవేయవలెను.

ఇనుపమేకుగాని రాగిమేకుగాని వాడరాదు. విజాతిలోహములు తడిలో తాకియుండిన విద్యుత్తు పుట్టి, అల్యూమినియమే క్షయించును. ఉప్పునీట మఱింత వేగముగ.

తుదకు మరల నీరుపోసి చూడుడు. చుక్క రాకున్ననే పడవను ఏట దింపుడు. పలకపై తప్పును చేయి యడ్డుపెట్టి దాచిన బాలునకు మహా యైన మందలింపే ఫలము. పడవలో దాచిన తప్పునకు ఫలము ప్రాణము. గ్రామపెద్దలు వర్షకాలమునకు ముందే మీ రేవుపడవను పరీక్షింపగోరుచు సెలవు తీసికొనుచున్నాను.