రైలుబండ్లు పట్టాలు తప్పుట - కారణములు



రైలుబండి పట్టాలు తప్పినదని వినినంతనే కొందరు డ్రైవరును నిందింతురు. కొందరు విధివ్రాత యని ఊరకుందురు. విచారించి చూచినచో కారణము పెక్కుమార్లు ఈ రెంటికిని వెలుపలనే కనబడును. బండి పట్టాలపై ఎట్లు నిలుచునో తెలిసిన, ఎందుకు తప్పునో తెలియగలదు.

ఎడ్లబండి తోలువాడు దారిలో గుంట కనబడిన పగ్గము లాగి ప్రక్కకు మళ్ళించును. రైలు నడుపువానికి ఆ స్వాతంత్ర్యము లేదు. వేగము, బ్రేకు, కూత - ఇవియే వాని చేతిలోనివి. దారి చూపునది పట్టా. భారతదేశపు బ్రాడ్ గేజి మార్గమున రెండు పట్టాల నడుమ దూరము 1,676 మిల్లీమీటర్లు. చక్రము లోపలివైపు లావుగను, వెలుపలికి పోనుపోను సన్నముగను ఉండును. ఆ వాలు వలన ఇరుసు తనంతట తానే నడిమికి వచ్చుచుండును. చక్రము లోపలి ప్రక్కన అంగుళమునకు కొంచెము మించిన అంచు గలదు. పట్టాల యెడము పెరిగినను, మలుపులో వేగము మించినను, పెట్టెలో బరువు ఒకవైపు ఒరిగినను, స్ప్రింగు విరిగినను ఆ అంచు పట్టాను ఎక్కి దాటవచ్చును. దాటిన క్షణమున బండి తప్పినట్లే.

ఎండయు చలియు పట్టాలకు శత్రువులు. ఒక కిలోమీటరు పట్టా 40 డిగ్రీల వేడి పెరిగినచో, అడ్డు లేకున్న, సుమారు 46 సెంటీమీటర్లు సాగును. అతుకులు లేకుండ వేసిన నేటి పొడవు పట్టాలను సాగనీయక పట్టియుంచునవి స్లీపర్లును, కంకరయును. కంకర చాలనిచోట మండుటెండలో పట్టా పామువలె వంకరపోవును. చలికాలపు తెల్లవారుజామున ముడుచుకొని, లోపల పగులున్నచోట విరుగును. అందుచేతనే కీమన్ ప్రతిదినము పట్టా వెంబడి నడచి, ఒక్కొక్క బిగింపును పరీక్షించుచుండును. లక్షలాది ప్రయాణికుల ప్రాణములు ఆతని కాలినడకపై ఆధారపడియున్నవి.

అన్నిటికంటె మోసకారి శత్రువు నీరు. వరద కట్టను కోసికొనిపోయినను, పట్టాలు గాలిలో వ్రేలాడుచు దూరమునుండి యథాప్రకారముగ కనబడును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆగుటకు సుమారు ఒక కిలోమీటరు దూరము కావలెను. రాత్రివేళ, వానలో, డ్రైవరు ప్రమాదమును గుర్తించునప్పటికి బ్రేకు వేసియు ప్రయోజనముండదు.

1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబునగరుల మధ్య వంతెన కూలి నూరుమందికి మించి మరణించిరి. నాటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా సమర్పించిరి. ప్రధాని నెహ్రూగారు అంగీకరింపలేదు. ఆ యేడే నవంబరు 23న మద్రాసు రాష్ట్రమున అరియలూరు వద్ద వరదకు వంతెన దెబ్బతిని, మరల అంతటి ఘోరము జరిగెను. ఈసారి శాస్త్రిగారు పదవిని వదలిరి. 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండ వద్ద ఆకస్మిక వరద ఒక చిన్న వంతెనను కొట్టుకొనిపోగా, డెల్టా ప్యాసింజరు పడిపోయి నూరుమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. దాదాపు ఐదు దశాబ్దముల యెడమున్నను శత్రువు మారలేదు.

రైలుమార్గమునకు ఎగువనున్న చెరువు తెగినచో ఆ నీరు నేరుగ పట్టాల కట్టపై పడును. అట్టి చెరువుల పట్టికను రైల్వేవారు ఉంచుకొందురు. వర్షాకాలమునకు ముందు ప్రభుత్వోద్యోగులతో కలిసి పరీక్షించు నియమము గలదు. వానకాలపు రాత్రులలో గస్తీవారు దీపములతో పట్టాలవెంట తిరుగుదురు. అయినను చెరువుకట్టపై నెర్రెను మొదట చూచువాడు రైతే. అలుగు పొంగుట, తూము కారుట ముందు తెలియునది ఊరివారికే.

కావున గ్రామస్థులు కొన్ని సంగతులు మనస్సున నుంచుకొనవలెను. పట్టాల క్రింది తూములను చేపలకొరకో, నీటికొరకో అడ్డగింపరాదు. కట్టనుండి మట్టిని, పట్టాలనుండి కంకరను తీయరాదు. చెరువు తెగు సూచన కనబడినను, పట్టా విరిగియుండుట చూచినను వెంటనే స్టేషను మాస్టరునకో, గేటు కావలివానికో, 139 సంఖ్యకో తెలుపవలెను. బండి వచ్చుచున్నచో పట్టాల ప్రక్కగా దానికెదురు పరుగెత్తి, పగలైన ఎఱ్ఱగుడ్డ చూపవలెను. గుడ్డ లేకున్న రెండు చేతులు పైకెత్తి నిలువవలెను. రాత్రియైన దీపమును అడ్డముగ వడివడిగ ఊపవలెను. డ్రైవరు ఈ సంజ్ఞలకు బండి ఆపితీరవలెనని నియమము.

చెరువుకట్ట బాగుగ నున్నచో క్రింది పొలము పండును. ఆవలి రైలును క్షేమముగ సాగును. ప్రతి గ్రామ గ్రంథాలయమును తన ప్రకటన ఫలకముపై దగ్గరి స్టేషను టెలిఫోను సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాసియుంచుట మంచిది. వాన కురియు నడిరాత్రి దాని అవసరము రావచ్చును.